పేక ముట్టరాదు

షోలాపూర్, జోడ్‌భావి పేట్
1938 జూలై 10

చిరంజీవి కళావతికి మామ సిద్ధరాములు దీవించి రాసేది ఏమంటే, ఇక్కడ నేను, మీ అత్త యల్లమ్మ, మగ్గం, ముగ్గురం బాగున్నాం. నా మోకాలు మాత్రం బాగాలేదు. దాని సంగతి మొదలుపెడితే ఉత్తరం నిండిపోతుంది కాబట్టి వదిలేస్తున్నాను.

నవీ పేట్‌లోని క్లబ్బువాళ్ళు దసరా వెళ్ళాక బ్రిడ్జి పోటీ పెడుతున్నారు. అక్టోబరు 16, ఆదివారం. ఊళ్ళో ఏ ఇద్దరైనా జోడీగా రావచ్చని తలుపు మీద కాగితం అంటించారు. ఏ ఇద్దరైనా అని రాశాక ఇక ఆలోచన ఎందుకని లోపలికి పోయి మనిద్దరి పేర్లు రాయించి వచ్చాను. కళావతి ఎవరని గుమాస్తా అడిగాడు. నా మేనకోడలు, పుణెలో నర్సు చదువు చదువుతున్నదని చెప్పాను. అతను కలం ఆపి నన్ను చూశాడు. నేనూ అతన్ని చూశాను. నాకా క్లబ్బు కొత్తేమీ కాదు. ఇరవై ఏళ్ళ కింద ఆ బల్లల మీది ఆకుపచ్చ గుడ్డ మార్చడానికి పిలిస్తే, తొమ్మిది రోజుల పనిని పదహారు రోజులు చేశాను. ఆటగాళ్ళ భుజాల వెనక నిలబడి పాత తీరు బ్రిడ్జి నేర్చుకున్నది అప్పుడే. గుడ్డ ఇంకా ఎందుకు కాలేదని ఒక దొర అడిగితే, మీ బల్లకు ఒక మూల పొట్టిగా ఉంది, గుడ్డ ఒప్పుకోవడం లేదని చెప్పాను. ఆయన వంగి బల్ల కొలుచుకుంటూ కూర్చున్నాడు. నాకు ఇంకో రెండు రోజులు దొరికాయి.

పోటీకి నర్సప్ప సేట్ కూడా వస్తున్నాడు, వకీలు అల్లుణ్ణి జోడీ చేసుకుని. మే నెలలో నువ్వు సెలవుకు వచ్చినప్పుడు వాళ్ళ అరుగు మీద మనం ఓడిపోయిన రోజు గుర్తుందా? నువ్వు అటు వెళ్ళగానే పదిమంది ముందు ఆయనన్న మాట నీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. "నేతగాళ్ళకు మగ్గం మీది పేక వస్తది గాని బల్ల మీది పేక రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. సగం మందికి అర్థం కాకుండానే నవ్వారు. మన వాడలో మగ్గం మీద అడ్డంగా పోయే నూలునే పేక అంటాం. ఆడుకునే వాటిని పత్తాలంటాం. వాటిని కూడా పేక అనేది ఆయనొక్కడే. నూలు వ్యాపారి, కులపెద్ద, పైగా బెజవాడ నుంచి పత్రికలు తెప్పించుకుని చదువుతాడు, ఆయన తెలుగు వేరు.

ఆ రోజు నేనెక్కడ తప్పానో రాయి. నువ్వు ఒక ఆఠీన్ అన్నావు. ఆయన మధ్యలో దూరి ఒక ఇస్పేట్ అన్నాడు. నిన్ను ఒంటరిగా వదలడం ఎందుకని నేను రెండు కళావర్ అన్నాను. నా చేతిలో ఏమీ లేని మాట నిజమే. అయినా సొంత మేనకోడలు మాట్లాడితే మామ పలకకుండా ఉంటాడా?

సిద్ధరాములు

—

పుణె
జూలై 19

మామయ్యకు కళావతి నమస్కారాలు.

ఆ రోజు తప్పు నీదే.

ఈ ఆటలో మన ముక్కలు జోడీకి చూపించకూడదు. చేతిలో ఏముందో చెప్పుకోవడానికి వేలంలోలాగా పాడే పాట ఒక్కటే దారి. నేను ఒక ఆఠీన్ అన్నానంటే నాకు ఆ రంగు బాగుందని. ఎదుటివాళ్ళు ఊరుకుంటే నువ్వు ఏదో ఒకటి పలకాలి, లేకపోతే పాట నా మాట మీదే ఆగిపోవచ్చు. కానీ సేట్ మధ్యలో దూరాడు. దూరగానే నీ బాధ్యత తీరింది, ఎందుకంటే నాకు ఇంకో వంతు వస్తుంది. అప్పుడు కూడా నువ్వు నోరు తెరిచావంటే నీ దగ్గర నిజంగా ఏదో ఉందని నేను నమ్ముతాను. మే నెలలో నమ్మాను.

అడ్డం వస్తే నీకు కోపం వస్తుంది. నాకు ఈ ఆట నేర్పిన మా ఆస్పత్రి మేట్రన్‌కు సంతోషం. అడ్డం వచ్చినవాడు తనకు తెలియకుండానే మనకు కొత్త మాటలు ఇస్తాడంటుంది. పాస్ అంటే ఇప్పుడు దానికో అర్థం వచ్చింది: నా దగ్గర ఏమీ లేదు. డబుల్ అంటే, నీ మాట నిలబెట్టుకో చూద్దాం అని. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. వాడి రంగునే మనం పాడటం. వాడు ఒక ఇస్పేట్ అంటే నువ్వు రెండు ఇస్పేట్ అనడం. ఇస్పేట్ మీద ఆశతో కాదు. నా చేతిలో ఇస్పేట్ ఒక్కటీ లేదు, ఉన్నదంతా నీ ఆఠీన్‌కే పనికొస్తుంది, ఎంత పైకి పోతావో పో అని నాకు చెప్పడం. వాడు అడ్డం రాకపోతే ఈ మాట మనకు దొరికేదే కాదు.

దీనికి నువ్వు చేయవలసిన సాధన ఒకటే. అత్త ఏదన్నా అన్నప్పుడు జవాబు చెప్పేముందు లోపల పది లెక్కపెట్టు. చాలాసార్లు పది అయ్యేసరికి జవాబు అవసరం లేదని తెలుస్తుంది.

నేను వస్తున్నాను. పదకొండో ఏట నా బొట్టు చెరిపారు. అప్పటి నుంచి మన వాడలో నలుగురు కూర్చున్న చోట నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. పెళ్ళి జరిగినా వంటింటి గుమ్మం దగ్గరే నా చోటు. నువ్వు నా పేరు రాయించి ఒక కుర్చీ సంపాదించావు. అందులో కూర్చోవాలి. మొదటి బహుమతి వచ్చినా రాకపోయినా సరే.

కళావతి

—

షోలాపూర్
ఆగస్టు 16

చిరంజీవి కళావతికి దీవెనలు.

నూలు పున్నమికి మార్కండేయుని ఊరేగింపు బాగా జరిగింది. వానలు ఫరవాలేదు. ఈ ఏడు పోటీ మనకు వద్దేమో అనిపిస్తున్నది. నీకు పరీక్షలు కూడా ఉంటాయి. నా మోకాలు సరిగా లేదు. వచ్చే ఏడు చూద్దాం.

మీ అత్త బాగున్నది.

సిద్ధరాములు

—

పుణె
ఆగస్టు 23

మామయ్యకు,

నీ ఉత్తరం ఐదారు వరుసలుంది. ఐదారు వరుసల్లో నువ్వు నీ తుమ్ము గురించి కూడా చెప్పలేవు. అప్పుడే అనుమానం వచ్చింది. మొన్న మన పక్కింటి లింగయ్య చేతికి చీము పట్టి మా వార్డుకు వచ్చాడు. కట్టు కడుతుంటే అంతా చెప్పాడు.

క్లబ్బు కాగితం మీద నా పేరు నర్సప్ప సేట్ చూశాడట. పున్నమి వెళ్ళిన మూడో రోజే గుడి మండపంలో కులం కూడిందట. ఆడవాళ్ళు పేకాట జోలికి పోకూడదని రిజిస్టర్‌లో రాశారట. మాట తప్పిన ఇంటి పడుగుకు ఎవరూ చేయి వేయరట. నువ్వు సంతకం చేశావట.

నాకు కోపం లేదు. వీధి పొడవునా పడుగు చాచి గంజి పెట్టాలంటే పది చేతులు కావాలి. ఆ చేతులు రాకపోతే మగ్గం ఎక్కేది ఏమీ ఉండదు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, నాకు తెలియదా? నాకు చెప్పకుండా మోకాలిని అడ్డం పెట్టుకున్నావు చూడు, అది బాధ.

సరే. నువ్వు పాస్ అన్నావు. పాట అయిపోలేదు, నా వంతు ఉంది. ఆ తీర్మానంలో ఏం రాశారో ఒక్క అక్షరం తప్పిపోకుండా పంపు. లింగయ్య చెప్పింది సారాంశం. ఎదుటివాడు సరిగ్గా ఏ మాట పాడాడో తెలియకుండా నేను నోరు తెరవను.

కళావతి

—

షోలాపూర్
ఆగస్టు 30

చిరంజీవి కళావతికి,

నా మర్యాద నలభై మూడో నంబరు. రిజిస్టర్‌లో నా సంతకం వరస అది. నలభై రెండు మంది చేశాక కలం నా దగ్గరికి వచ్చింది. తెల్లవారితే నా పడుగు చాచాలి. ఆ నలభై రెండు మందిలో ఎనిమిది మంది నా పడుగుకు వచ్చేవాళ్ళే. వాళ్ళెవరూ నన్ను చూడలేదు, అందరూ మండపం కప్పు చూస్తున్నారు. అక్కడ ఒక పావురం గూడు ఉంది, దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఇంటికి వచ్చి మీ అత్తకు చెప్పాను. ఆమె పది లెక్కపెట్టినట్టు కూడా కనపడలేదు. "ఆ పిల్లకు కుర్చీ ఇచ్చినట్టే ఇచ్చి కింద నుంచి గుంజినవ్" అన్నది. నిజమే కాబట్టి నీకు రాయడానికి చేయి రాలేదు.

నువ్వడిగిన మాటలు ఇవి. కులం లెక్కలు, రాతలు చూసే రామచంద్రాన్ని అడిగి రిజిస్టర్ ముందు పెట్టుకుని రాసుకున్నాను:

"నేటి నుండి మన కులమునకు చెందిన స్త్రీలెవ్వరును ఏ స్థలమందైనను, ఏ కారణము చేతనైనను పేకను ముట్టరాదు. ముట్టిన యింటి పడుగునకు కులస్థులెవ్వరును చేయి వేయరాదు."

రామచంద్రం మొదట పత్తాలని రాయబోయాడు. సేట్ ఆపాడు. "పత్తాలేంది, మరాఠోళ్ళ మాట. కులం రిజిస్టర్ల అచ్చ తెలుగుండాలె. పేక అని రాయి" అన్నాడు. రామచంద్రం రాశాడు. అంతే జరిగింది.

సిద్ధరాములు

—

పుణె
సెప్టెంబరు 5

మామయ్యకు,

రెండు ఇస్పేట్.

కింది మాటలు అత్తకు చదివి వినిపించు.

అత్తా, కులపెద్దల మాట కాదనకు. తీర్మానం ఏమన్నదో అదే చెయ్యి. ఏ స్థలమందైనా, ఏ కారణం చేతనైనా పేక ముట్టకు. పేక నూలు ఒక్క కండె కూడా చుట్టకు. వాడలో మిగతా ఆడవాళ్ళకు ఈ సంగతి తెలియక తప్పు చేస్తారేమో, ఇంటింటికీ వెళ్ళి నువ్వే చెప్పు.

కళావతి

—

షోలాపూర్
సెప్టెంబరు 20

చిరంజీవి కళావతికి మామ అనేక దీవెనలతో రాసేది.

నీ ఉత్తరం నేను రెండుసార్లు చదివితేగాని అర్థం కాలేదు. మీ అత్తకు సగంలోనే అర్థమైంది. రాట్నం ముందు నుంచి లేచి, చేతిలోని కండెను నా ఒళ్ళో పెట్టి, చెప్పులు వేసుకుని వీధిలోకి పోయింది. మూడు గంటల తర్వాత వచ్చింది. అంతసేపు ఆమె ఇల్లు విడిచి ఉండడం మా పెళ్ళయ్యాక అదే మొదలు.

మర్నాడు బుధవారం. పొద్దున పది దాకా మగ్గాల చప్పుడు మామూలుగానే ఉంది, నిన్నటి కండెలు మిగిలి ఉన్నాయి కదా. పది తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. మధ్యాహ్నానికి జోడ్‌భావి పేట్‌లో కాకి అరుపు వినపడింది. నలభై ఏళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, మన వీధిలో కాకులున్నాయని అప్పుడే తెలిసింది. మగవాళ్ళు రాట్నాల ముందు కూర్చుని చూశారు. నేనూ కూర్చున్నాను. నేను చుట్టిన కండెను నాడెలో పెట్టి విసిరితే నూలు మూడు చోట్ల తెగింది. మీ అత్త గడపలో కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ చూసింది. ఏమీ అనలేదు. పాస్ ఎంత గట్టి మాటో అప్పుడు అర్థమైంది.

దసరా చీరల బేరమంతా నర్సప్పదే. మూడో రోజుకు ఆయనే నడిచి మన గుమ్మం దగ్గరికి వచ్చాడు, వెనకాల రామచంద్రం రిజిస్టర్ మోసుకుని. కండెలెందుకు చుట్టడం లేదని అడిగాడు.

"పెద్దలు పేక ముట్టొద్దన్నరు సేటూ, బంద్ చేసినం" అన్నది మీ అత్త.

"అరె, అది మగ్గం పేక గాదు యల్లమ్మా. బల్ల మీది పేక."

"బల్ల అని రాసి ఉన్నదా?"

రామచంద్రం రిజిస్టర్ తెరిచి చూసి, 'ఏ స్థలమందైనను' అని మాత్రం ఉందన్నాడు. రామచంద్రం ముఖం ఎందుకో నిగనిగలాడుతున్నది.

"మాకు సదువు రాదు సేటూ. మేం పుట్టినకాడికెల్లి ఎరిగిన పేక ఒక్కటే. నువ్వు ఇంకొకటున్నదంటున్నవ్. ఏది ముడితె కులం పోతదో మేమెట్ల చెప్పాలె? మాకెందుకు, ఏదీ ముట్టం."

సేట్ అక్కడికక్కడే పేక అన్న మాట కొట్టేయించి 'ముక్కలు' అని రాయించాడు. అదీ అచ్చ తెలుగే. ఇక చూడు, ఆ సాయంత్రం వాడంతా ముక్కలు ముట్టడం మానేసింది. మా ఇంట్లో వంకాయలు వంకాయలుగానే ఉడికాయి. సేట్ ఇంట్లో ఆయన భార్య సుందరాబాయి నిండు సొరకాయను ఉడికించి కంచంలో పెట్టిందట. ఏందిదని ఆయన అడిగితే, "ముక్కలు చేస్తె ముట్టినట్టే గద. మీరే రాపిచ్చిండ్రంట" అన్నదట. ఈ సంగతి సుందరాబాయే వచ్చి మీ అత్తకు చెప్పింది. ఇద్దరూ పల్లీలు ఒలిచారు.

మర్నాడు పొద్దున మళ్ళీ వచ్చారు. మొదట అనుకున్నట్టు పత్తాలనే రాద్దామా సేట్ అని రామచంద్రం చాలా వినయంగా అడిగాడు. మీ అత్త లోపల నుంచే అన్నది: "పత్తా అంటె ఆకు గద? దసరకు జమ్మాకు పట్టకుంటె మరి పెద్దల కాళ్ళెట్ల మొక్కాలె?"

వీధిలో మగ్గం చప్పుడు లేదు కాబట్టి సేట్ ఊపిరి కూడా వినపడింది. కలం తీసుకుని తీర్మానం మొత్తం మీద అడ్డంగా గీత గీశాడు. నేను పక్కనే ఉన్నాను. నలభై మూడో సంతకం మీదుగా గీత పోతుంటే ఒళ్ళు తేలికైంది. ఆయన పోతూ పోతూ నన్ను చూసి, "బల్ల కాడ కలుద్దాం" అన్నాడు.

రా తల్లీ. కుర్చీ అక్కడే ఉంది.

సిద్ధరాములు

—

పుణె
అక్టోబరు 18

అత్తకు కళావతి నమస్కారాలు.

ఈ ఉత్తరం నీకు. మామయ్య చదివి వినిపిస్తాడు. మధ్యలో సొంత మాటలు కలుపుతాడేమో చూస్తూ ఉండు. ఆదివారం ఆట అయిపోగానే నేను రైలు ఎక్కవలసి వచ్చింది, నీకు చెప్పే వేళ దొరకలేదు. మామయ్యను చెప్పమంటే స్టేషను దాకా ఒక్క మాట మాట్లాడలేదు. జ్వరమేమోనని చేయి పట్టుకుని నాడి కూడా చూశాను.

మేం పదకొండు జోడీల్లో రెండో స్థానంలో వచ్చాం. మొదటిది ఒక డాక్టరు దంపతులది, వాళ్ళు మాకంటే బాగా ఆడారు. అది కాదు నేను చెప్పదలచుకున్నది. చివరి ఆట సేట్‌తో పడింది. నేను ఒక ఆఠీన్ అన్నాను. సేట్ వెంటనే ఒక ఇస్పేట్ అన్నాడు, మే నెలలోలాగే. మామయ్య వంతు. చూశాను, పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. పది దాటి ఇంకా పోతున్నాడేమో అనిపించింది. చివరికి అన్నాడు: "రెండు ఇస్పేట్."

సేట్ నవ్వాడు. "ముసలాయనకు చెవులు గూడ పోయినయ్. ఇస్పేట్ నాది, నేనన్న" అన్నాడు.

అత్తా, ఆ మాటకు మామయ్య దగ్గర ఎన్ని జవాబులు ఉంటాయో నీకు తెలుసు. ఒక్కటీ బయటికి రాలేదు. ముక్కలు గుండెకు ఆనించుకుని బల్ల మీది ఆకుపచ్చ గుడ్డను చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనం చూశాకే నాకు గట్టి నమ్మకం వచ్చింది. ఏమీ లేకపోతే ఈయన ఇంతసేపు ఊరుకోడు. సేట్ అల్లుడు పాస్ అన్నాడు. నేను ఒకే గంతులో ఆరు ఆఠీన్ అన్నాను. పదమూడు పట్లలో పన్నెండు మావే అని మాట ఇవ్వడం. చుట్టూ నిలబడి చూస్తున్నవాళ్ళు ఇంకొంచెం దగ్గరికి వచ్చారు. సేట్ డబుల్ అన్నాడు. ఇస్పేట్‌లో ఆసు, రాజు రెండూ ఆయన దగ్గరే, ఆ రెండు పట్లతో మా మాట పోతుందని లెక్క. ఆసు తీసి బల్ల మీద చప్పుడయ్యేలా వేశాడు.

అప్పుడు మామయ్య తన ముక్కలు బల్ల మీద పరిచాడు. ఆఠీన్ ఐదు, డైమన్ ఐదు, కళావర్ మూడు. ఇస్పేట్ ఉండవలసిన చోట ఉత్త గుడ్డ. ఆయన ఆసును మా తురుపు ఆఠీన్ రెండుతో కొట్టాను. ఆ తర్వాత ఒకే ఒక్క పట్టు ఇచ్చాను.

ఇంకొకటి. సేట్‌తో ఆట నడిమధ్య విరామంలో క్లబ్బు మనిషి చాయ్ తెచ్చాడు. బల్ల చుట్టూ నలుగురం. సేట్ ముందు ఒక కప్పు, ఆయన అల్లుడి ముందు ఒకటి, మామయ్య ముందు ఒకటి, నా ముందు ఒకటి పెట్టాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. నేను నెమ్మదిగా, చివరి చుక్క దాకా తాగాను.

కళావతి

—

షోలాపూర్
అక్టోబరు 27

చిరంజీవి కళావతికి మామ దీవించి రాసేది.

నీ ఉత్తరం మీ అత్తకు చదివాను. ఒకే చోట సొంత మాట కలిపాను, దొరికిపోయాను. నాకు చెవులు పోయాయని సేట్ అన్న చోట దాటేయబోతే, "మళ్ళ మొదటి నుంచి సదువు" అన్నది. మూడుసార్లు చదివించుకుంది. చాయ్ తాగిన చోట రాట్నం ఆపి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉక్కగా ఉందని చెప్పింది. మొన్న కార్తీకం వచ్చింది, ఇక్కడ చలి మొదలైంది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మన అరుగు మీద ఆమె, సుందరాబాయి, ఇంకో ఇద్దరు కూర్చుని ఆట నేర్చుకుంటున్నారు. నేర్పేది నేనే. మీ అత్త పాట గట్టిది, కాని ఎదుటివాళ్ళు అడ్డం వస్తే ఇంటి పేరు ఎత్తి తిడుతుంది. మెల్లగా మానుతుంది.

నిన్న సాయంత్రం నర్సప్ప సేట్ వచ్చాడు. సుందరాబాయిని తీసుకుపోవడానికి వచ్చానన్నాడు, కాని కూర్చున్నాడు. నూలు సంగతి మాట్లాడాడు, వానల సంగతి మాట్లాడాడు. చివరికి గొంతు తగ్గించి అడిగాడు: "సిద్ధరాములూ, ఆ రోజు నువ్వు రెండు ఇస్పేట్ అంటివి గద. అదేంది, నాకు జెర సమజ్ చెయ్యి."

కళావతీ, నాకు జవాబు తెలుసు. ఆ ఆకుపచ్చ గుడ్డ దగ్గర మొదలుపెట్టి, పొట్టి మూల బల్ల మీదుగా, నీ జూలై ఉత్తరం దాకా వచ్చి, అక్కడి నుంచి సొరకాయకు మళ్ళి చెప్పి ఉంటే మూడు గంటలు హాయిగా గడిచేవి. ఇరవై ఏళ్ళలో నన్ను అలా అడిగినవాడు ఇంకొకడు లేడు. నోరు తెరిచాను. మీ అత్త రాట్నం తిప్పడం ఆపి నా వైపు చూసింది.

పది దాకా లెక్కపెట్టాను.

"పాస్" అన్నాను.

సిద్ధరాములు